ఎర్రదారం పుల్లలు

నా మొహం చూసి నేను చెప్పేది అబద్ధమో నిజమో కనిపెట్టగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

దీనికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. అబద్ధం చెప్పాక కనురెప్ప వెయ్యకూడదు. మనసులో పదిదాకా లెక్కపెట్టాలి. పది రాగానే నవ్వెయ్యాలి. ఈ పద్ధతితో నేను పందొమ్మిదేళ్లు బతికాను. ఆ నమ్మకంతోనే 2011 జూన్‌లో, టెక్సాస్‌లో ఫ్రిస్కోలో, గౌరీశంకర్ అంకుల్ గ్యాస్ స్టేషన్ వెనకాల, తిండి అమ్మే ట్రైలర్ బండి ముందు నిలబడి మాంసం కాలుస్తున్న ఒకాయనతో అన్నాను.

“నేను సిటీ ఆఫీస్ నుంచి వచ్చాను. ఇన్‌స్పెక్షన్.”

ఆయన నా వైపు తిరగనైనా లేదు. నిప్పుల మీద పుల్లని తిప్పాడు.

“ఇన్‌స్పెక్టర్లు హవాయి చెప్పులు టపటపమనిపిస్తూ రారు,” అన్నాడు ఇంగ్లీషులో. “ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యనా, తక్కువా?”

నేనింకా రెండు దగ్గరే ఉన్నాను. ఆ మనిషి పుట్టడమే కాదు, పుట్టి యాభై ఏళ్లయింది. పేరు మూసా. ఊరు నైజీరియాలో కానో.

ఆయన అమ్మేది సూయా. మాంసాన్ని కాగితంలా పల్చగా కోసి, చెక్క పుల్లలకి గుచ్చి, కారప్పొడి పట్టించి, వేరుశనగ నూనె రాస్తూ బొగ్గుల మీద కాలుస్తారు. తర్వాత పుల్లల నుంచి లాగి, ముక్కలు కొట్టి, పచ్చి ఉల్లిపాయా టమాటా వేసి, పైన ఇంకో గుప్పెడు కారప్పొడి చల్లి పొట్లం కట్టి ఇస్తారు. పొట్లానికి లోపల తెల్ల కాగితం, బయట న్యూస్‌పేపర్. లోపలిది రూల్ కోసం, బయటది సూయా కోసం అన్నాడు మూసా. ఆ ఏడు టెక్సాస్‌లో ఎండలకి మా పక్కింటివాళ్ల ప్లాస్టిక్ మెయిల్‌బాక్స్ మోకాళ్ల మీద కూలబడింది. నలభై రోజులు వరసగా వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. ఆ ఎండలో ఈయన నిప్పుల ముందు నిలబడి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఈలవేసేవాడు.

“ఏం మాంసం?” అన్నాను.

“బీఫ్.”

“మేక ఉందా? మా ఇంట్లో బీఫ్ తినరు.”

అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగాడు. “ఇండియన్? ఎల్లుండి శుక్రవారం రా. మా ఊళ్లో ఒక ఇండియన్ డాక్టర్ ఉండేవాడు. ఆయనకి మా నాన్న పొయ్యే వేరుగా పెట్టేవాడు.”

శుక్రవారం వెళ్లేసరికి ట్రైలర్‌కి రెండోవైపు ఇంకో పొయ్యి ఉంది. కొత్తది. కొత్త కత్తి. మేక ముక్కలు గుచ్చిన పుల్లలకి చివర ఎర్రదారం చుట్టి ఉంది, పొరపాటున కూడా కలవకుండా. ఇదంతా ఒక్క పొట్లం కోసం. నేను ఆ రోజు ఏ అబద్ధమూ చెప్పలేదు.

* * *

మా నాన్న రామమోహనరావు నాతో మాట్లాడి అప్పటికి నాలుగువందల ఏళ్లయింది. క్యాలెండర్ ప్రకారం అయిదు వారాలు. నేను డాక్టర్ చదువుకి వెళ్లే కోర్సు మధ్యలో వదిలేశానని ఇంటికొచ్చిన ఉత్తరం చెప్పింది. నేను చెప్పలేదు. అప్పటినుంచీ ఆయన నాతో ఏదైనా చెప్పాలంటే అమ్మ ద్వారానే.

“లీలా, మీ అమ్మాయిని ఉప్పు ఇటు ఇమ్మను.”

“ఉజ్జీ, నాన్నకి ఉప్పివ్వు.”

ఉప్పు ఆయన ముందే ఉండేది.

శుక్రవారం సాయంత్రం పొట్లం టేబుల్ మీద పెట్టి విప్పాను. నాన్న పేపర్ చదువుతున్నట్టు నటించాడు. వాసన పేపర్ దాటి వెళ్లింది. ఒక ముక్క తీసుకున్నాడు. ఇంకోటి. వేలికంటిన కారప్పొడి నాకి, కళ్లు మూసుకుని ఆలోచించాడు.

“ఇందులో ఏం వేశాడు?”

అమ్మ నా వైపు తిరిగింది, మాట చేరవెయ్యడానికి. కానీ ఆయన నన్నే అడిగాడు.

“అల్లం, మిరపకాయ, లవంగం,” అన్నాను. “వేరుశనగలు ఆడించి నూనె తీసేశాక మిగిలిన చెక్క.”

“వేరుశనగ చెక్కా? ఓరి నీ! మా ఊళ్లో దాన్ని గేదెలకి పెట్టేవాళ్లం!” అని, గేదెల వాటా కూడా ఆయనే తినేశాడు. “మేకేనా ఇది?”

“మేకే. వేరే పొయ్యి పెట్టాడు.”

“అయితే ఆదివారం వెళ్దాం. నేను డ్రైవ్ చేస్తా.”

అలా మొదలైంది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శనివారం వెంకటేశ్వరస్వామి. మా ఇంట్లో మాంసానికి మిగిలేవి బుధ, శుక్ర, ఆదివారాలు. ఇది మూసాకి వివరించడానికి నాకు అరగంట పట్టింది. ఆయన శ్రద్ధగా విని, అట్టముక్క మీద వారాలు రాసుకుని, నాలుగు రోజులు కొట్టేసి ట్రైలర్ లోపల తగిలించాడు. “మీ దేవుళ్లు మేకల పక్షం,” అన్నాడు.

వారానికి మూడు సాయంత్రాలు నాన్నా నేనూ కార్‌లో పక్కపక్కన. వెళ్లేటప్పుడు పదకొండు నిమిషాలు, వచ్చేటప్పుడు పదకొండు. పొట్లం కోసం దిగేది నేనొక్కదాన్నే. ఒక బుధవారం నేనే చెప్పాను, ఆర్గానిక్ కెమిస్ట్రీలో నాకు డి గ్రేడ్ వచ్చిందని, ఆ పుస్తకం చూస్తే ఊపిరి ఆడట్లేదని. నాన్న రెండు సిగ్నల్స్ దాటాడు.

“పోన్లే,” అన్నాడు చివరికి. “ఎవరికీ చెప్పకు. నేనూ చెప్పను.”

నాకు ఆ ట్రైలర్ గుడిలా కనిపించడం మొదలైంది. మూసాకి చెప్తే నవ్వి, గుళ్లో ఉల్లిపాయలు కొయ్యరు, ఇవి కొయ్యి అని కత్తి చేతికిచ్చాడు.

మా ఇంటి వాసన వీధిలోకి వెళ్లింది. మా వీధిలోనే ఉండే చక్రపాణి అంకుల్ మొదలెట్టాడు, ఆయన వెనక ఇంకో పదిమంది, అందరికన్నా ఆఖర్న, అందరికన్నా ఎక్కువగా, స్థలం ఓనర్ గౌరీశంకర్ అంకుల్. ఆయన తన గ్యాస్ స్టేషన్ వెనక్కి నడిచి వెళ్లి కొనుక్కోవచ్చు. వెళ్లేవాడు కాదు. ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. “ఉజ్జీ, మాకూ నాలుగు పొట్లాలు పట్రామ్మా” అని ఫోన్ చేసేవాళ్లు.

జూన్ ఆఖర్లో మూసా అడిగాడు. “మీవాళ్లు నాతో మాట్లాడరు, అన్నీ నీ చేత చెప్పిస్తారు. సెప్టెంబర్‌లో నువ్వు కాలేజీకి పోతే? మీ భాషలో ఒక బోర్డు రాసిపెట్టు.”

రాశాను. మా గరాజ్‌లో, చెక్క మీద, ఎర్ర పెయింట్‌తో. ‘మేక మాత్రమే. పొయ్యి వేరు. కత్తి వేరు. పుల్లకి ఎర్రదారం.’ కింద మేక బొమ్మ వేశాను. అది జ్వరమొచ్చిన కుక్కలా వచ్చింది. మళ్లీ వేద్దామని పక్కన పెట్టాను.

* * *

జులై నాలుగో శుక్రవారం సాయంత్రం మా పెరట్లో అందరూ చేరారు. వేడికి ప్లాస్టిక్ కుర్చీలు మనుషులకి అంటుకుపోతున్నాయి. ఇరవై రెండు పొట్లాలు నేనే మోసుకొచ్చాను. మూసా మధ్యాహ్నం పన్నెండింటినుంచీ ఆ ఒక్క మేక పొయ్యి మీదే పనిచేశాడు. ఉల్లిపాయలు నేను కోశాను, నా కళ్లింకా మండుతున్నాయి.

“గీ టేస్ట్ ఇంకేడ దొర్కదు శంకరన్నా,” అన్నాడు చక్రపాణి అంకుల్. ఆయనది కరీంనగర్.

“టేస్ట్ సరేనయ్యా.” గౌరీశంకర్ అంకుల్ నాలుగో పొట్లం విప్పాడు. “కానీ వీళ్లని ఓ కంట కనిపెట్టాలి. ఏదో పోనీ అని నా స్థలంలో పెట్టుకోనిచ్చా. ఏ మాంసంలో ఏది కలుపుతాడో ఎవడు చూడొచ్చాడు? శుభ్రం, పాడూ తెలిసిన మనుషులా?”

అంటూ బొటనవేలు నాకాడు. తర్వాత చూపుడువేలు. కాగితానికి అంటుకున్న పొడి కూడా గోటితో గీకాడు.

నాకు ఒళ్లు మండింది. నాన్న ఏదైనా అంటాడని చూశాను. వారానికి మూడు రోజులు ఆ మనిషి చేతిమీద తింటున్నాడు కదా. నాన్న నవ్వాడు.

“టెస్ట్ చేయిస్తే పోయె. మా ఇంట్లోనే ఉందిగా కెమిస్ట్రీ ఎక్స్‌పర్ట్. ఆర్గానిక్‌లో డి తెచ్చుకుంది, పాపం!”

పెరడంతా నవ్వింది. “డి అంటే డాక్టరేమోలే రావుగారూ” అని ఎవరో. మళ్లీ నవ్వు. నాన్న నా వైపు చూడలేదు. కార్‌లో చెప్పిన మాట. రెండు సిగ్నల్స్ దాటాక పోన్లే అన్న మాట.

మొహంలో ఒక్క గీత కదలకుండా అన్నాను.

“టెస్టెందుకు నాన్నా? అది బీఫే కదా.”

ఒకటి. రెండు. నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి.

మూడు. “ఏంటే?” అన్నాడు నాన్న.

“ఇవాళే చూశాను. రెండు పొయ్యిల మీదా ఒకటే మాంసం. కత్తి కూడా ఒకటే.”

నాలుగు దగ్గర నాన్న లేచి గులాబీ మొక్కల దగ్గరికి పరిగెత్తి వంగాడు. అయిదు దగ్గర చక్రపాణి అంకుల్ రెండు వేళ్లూ గొంతులో పెట్టుకున్నాడు. ఏడు దగ్గర అమ్మ చేతిలోంచి నీళ్ల జగ్ జారిపోయింది. ఎనిమిది దగ్గర గౌరీశంకర్ అంకుల్ గొంతు: “నే చెప్పలా? నే చెప్పలా?” దాదాపు సంతోషంగా.

పది వచ్చింది. నవ్వాలి. నాన్న మొక్కల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు, వీపు ఎగిరెగిరి పడుతోంది.

పదకొండు. పన్నెండు. తర్వాత లెక్క తప్పింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం ఆరు కార్లు గ్యాస్ స్టేషన్ వెనక్కి వెళ్లాయి. శనివారం కాబట్టి మేక పొయ్యి చల్లగా ఉంది. రెండోది మండుతోంది. నేను నాన్న వెనకాల నిలబడ్డాను. దారిపొడుగునా చెప్దామనుకున్నాను, నిజంగానే. కానీ నాన్న స్టీరింగ్ పట్టుకున్న తీరు చూస్తే ఆ రోజు ఆయన్ని ఏ మాటా తాకేలా లేదు.

“చీటర్!” అని మొదలుపెట్టాడు గౌరీశంకర్ అంకుల్. “మాకు బీఫ్ పెట్టావు. మా మతం పాడుచేశావు. ఈ సాయంత్రానికల్లా నీ ట్రైలర్ నా స్థలంలో ఉండకూడదు.”

మూసాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆరుగురు ఒకేసారి అరుస్తున్నారు మరి. అర్థమయ్యాక ఆయన అరవలేదు. చల్లారిన పొయ్యి మూత తెరిచాడు. ఎర్రదారం పుల్లల కట్ట తీసి చూపించాడు. ఐస్ వేసిన కూలర్ పెట్టెలోంచి మేక కాలు తీశాడు, ఆదివారానికి తెచ్చుకున్నది.

“ఇదిగో మేక. ఇదిగో దాని కత్తి.”

“ఇవాళ తెచ్చి పెట్టుంటావు!” అని ఎవరో.

“అమ్మాయిని అడగండి,” అన్నాడు మూసా. “జూన్ నుంచీ ఇక్కడే నిలబడింది. తనకి తెలుసు.”

“అమ్మాయే చెప్పింది!” నాన్న అరిచాడు. నాన్న అరవడం నేను అంతకుముందు వినలేదు. “మా అమ్మాయే కళ్లారా చూసింది!”

మూసా నా వైపు చూశాడు. మొదటిరోజు నా అబద్ధం పట్టుకోవడానికి నన్ను చూడాల్సిన అవసరమే రాలేదు ఆయనకి. ఇప్పుడు చాలాసేపు చూశాడు.

“నువ్వు చూశావా?”

నేను తలూపాను. ఎంత ఊపానంటే, కొలవాలంటే మైక్రోస్కోప్ కావాలి. కానీ ఊపాను.

ఆయన బకెట్‌తో నీళ్లు తెచ్చి మండుతున్న నిప్పుల మీద పోశాడు. ఆవిరి బుస్సుమని లేచింది, అందరూ వెనక్కి జరిగారు. ఆ ఆవిరిలోనే ఆయన వారాల అట్టముక్క పీకి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకోవడం కనిపించింది.

* * *

తర్వాత మూడు వారాలు నేను లోకం మీద పళ్లు నూరుతూ తిరిగాను.

గౌరీశంకర్ అంకుల్ మీద కోపం. మూసా వెళ్లిన మూడో రోజే ఆ స్థలంలో రంగుల ఐస్ అమ్మే ట్రైలర్ వచ్చింది. చక్రపాణి అంకుల్ మీద కోపం, గుళ్లో ప్రాయశ్చిత్తం చేయించుకుని ఆ ఫొటోలు అందరికీ మెయిల్ చేసినందుకు. అమ్మ మీద కోపం, ఆ పొట్లాలు పెట్టిన ప్లేట్లన్నీ పారేసినందుకు. అన్నిటికన్నా నాన్న మీద. ఒక్కసారి, ఒక్క బుధవారం కారు దిగి ఆ పొయ్యి దాకా నడిచి ఉంటే తెలిసేది కదా! ఇరవై రెండు పొట్లాలు తిన్నవాళ్లలో ఒక్కడూ మూసాని ‘ఇదేంటి బాబూ’ అని అడగలేదు కదా! నాలాంటి దాని ఒక్క మాటని ఇంతమంది పెద్దవాళ్లు ఎలా నమ్మేశారు? అంటే నమ్మడానికి ముందే రెడీగా ఉన్నారన్నమాట.

ఇవన్నీ నిజాలే. వీటిలో ఏదీ నన్ను పడుకోనివ్వలేదు.

నాన్న ఆఫీస్ నుంచి వచ్చి ఊరికే కూర్చునేవాడు. మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఉప్పు కూడా అడగడం మానేశాడు.

ఆగస్టులో శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీవ్రతం ముందురోజు, గురువారం, ఇంకా ఎండ ఉండగానే, అమ్మ కలశం సామాను పెట్టె కోసం గరాజ్‌లోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. పెట్టె తేలేదు. చేతిలో చెక్క బోర్డుంది.

“ఉజ్జీ,” అంది, కూర ఏం చెయ్యమంటావని అడిగినట్టు. “ఇది కుక్కా?”

“మేక!” అన్నాను, రోషంగా.

అన్నాక వినిపించింది నాకు.

అమ్మ బోర్డు నాన్న ఒళ్లో పెట్టింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. మేక మాత్రమే. పొయ్యి వేరు. కత్తి వేరు. పుల్లకి ఎర్రదారం. రెండోసారి చదివాడు. అక్షరాలు నావేనని ఆయనకి తెలుసు, ఆ తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే.

“ఎప్పుడు రాశావు?”

“జూన్‌లో.”

“మరి ఆ రోజు...”

“నాకు కోపం వచ్చింది,” అన్నాను. “నువ్వు కెమిస్ట్రీ గురించి చెప్పావు. అందరూ నవ్వారు.”

కొడతాడనుకున్నాను. కొడితే బావుండుననుకున్నాను. ఆయన బోర్డు మీద మేకని వేలితో తడుముతూ కూర్చున్నాడు.

“ఆయన ఎక్కడుంటాడు?” అన్నాడు.

“నాకు తెలుసు. చెప్పాడొకసారి.”

“చెప్పులేసుకో.”

మూసా అపార్ట్‌మెంట్ గార్లండ్‌లో. నలభై నిమిషాలు. నాన్న ఒక్కటే మాటన్నాడు, సగం దారిలో, రోడ్డు వైపు చూస్తూ. “నేనూ అడగలేదు కదా ఆయన్ని. ఆయన కూలర్‌లోంచి తీసి చూపిస్తుంటే కూడా చూడలేదు.”

మూసా పార్కింగ్‌లోనే ఉన్నాడు, ఇప్పుడు నడుపుకుంటున్న టాక్సీ తుడుచుకుంటూ. పక్కన ట్రైలర్, టార్పాలిన్ కప్పి, మీద ‘ఫర్ సేల్’ అని కాగితం. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాడు. ఈల లేదు.

నేను చెప్పాను. మొత్తం. శుక్రవారం, శనివారం, తల ఎంత ఊపానో కూడా. నాన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మూసా గుడ్డ పిండాడు. మళ్లీ పిండాడు, నీళ్లు లేకపోయినా.

“ఇది నాకెందుకు చెప్తున్నావు?” అన్నాడు. “అది మేకేనని నాకు తెలుసు కదా. నాకు చెప్పడానికి నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వచ్చావా? తెలియనివాళ్లు మీ ఊళ్లో ఉన్నారు. వాళ్లకి చెప్పు.”

నాన్న ఏదో అనబోయాడు. మూసా వినలేదు. అద్దం తుడవడం మొదలుపెట్టాడు, మేము అక్కడ లేనట్టు.

* * *

శుక్రవారం సాయంత్రం మా ఇల్లంతా పట్టుచీరలు. అమ్మవారికి దండలు, గిన్నెలనిండా తాలింపు శనగలు. హాల్లో ఆడవాళ్లు తాంబూలాలు తీసుకుంటున్నారు, సోఫాల్లో మగవాళ్లు. గౌరీశంకర్ అంకుల్ వీసాల గురించి ఉపన్యాసమిస్తున్నాడు. ఆయన భార్య వసంతలక్ష్మి ఆంటీ నాకు బొట్టు పెట్టి, “ఈ పిల్ల చూడబట్టి గానీ, లేకపోతే ఇంకెన్నాళ్లు తినేవాళ్లమో!” అని బుగ్గలు పుణికింది. మూడు వారాలుగా అందరూ అదే అంటున్నారు. నేను వాళ్లందరినీ కాపాడానట.

అమ్మ నా వైపు చూసింది. నాన్న లేచి టీవీ ఆపేశాడు.

నేను గరాజ్‌లోకి వెళ్లి బోర్డు తెచ్చి హాలు మధ్యలో నిలబడ్డాను. ఒకరొకరుగా మాటలు ఆపారు.

“ఏంటమ్మా ఉజ్జీ, కొత్త జోకా?” గౌరీశంకర్ అంకుల్ నోటినిండా శనగలతో నవ్వాడు. “ఏదీ ఆ కుక్క బొమ్మ, ఇటు చూపించు!”

“మేక అంకుల్,” అన్నాను. నా మొహం ఎప్పుడో చేతిలోంచి జారిపోయింది, కళ్లూ ముక్కూ కారుతున్నాయి. “మనం తిన్నది మేకే. మొదటిరోజు నుంచీ మేకే. మనకోసం ఆయన కొత్త పొయ్యి కొన్నాడు. ఆ శుక్రవారం నాకు కోపం వచ్చి బీఫ్ అన్నాను. శనివారం భయమేసి తలూపాను.”

ఎవరి చేతిలోంచో తమలపాకులు కిందపడ్డాయి. గౌరీశంకర్ అంకుల్ నమలడం ఆపాడు. ఆయన నాన్న వైపు చూశాడు, ఇది జోకని ఎవరైనా చెప్తారేమోనని. నాన్న తల అడ్డంగా ఊపాడు. అందరికీ కనిపించేంతగా.

“మరి అప్పుడే చెప్పొచ్చు కదే!” అన్నాడు అంకుల్. “అంతమందిమి అక్కడే నిలబడ్డాం కదా! ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరంతా నన్ను తిడతారని,” అన్నాను. “నేను తినాల్సిన తిట్లు ఆయన చేత తినిపించాను.”